రోలీ కోసం నింపిన బ్యాటరీలు

క్లెమ్ ఓట్వేకి మనుషులతో కంటే బ్యాటరీలతో పొత్తు ఎక్కువని ఆస్ట్రేలియాలోని వయల్లా ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. పెళ్లాం పుట్టినరోజు ప్రతి ఏడూ మరిచిపోయి మాటలు పడ్డ మనిషే, ఏ బ్యాటరీ ఎప్పుడు కొన్నదో, ఏ వేసవిలో ఎండదెబ్బ తిన్నదో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. ఆ పెళ్లాం రెయిలీన్ చాలాకాలం క్రితమే పెర్త్ వెళ్లిపోయింది. బ్యాటరీలు మిగిలాయి.

ఉద్యోగమంతా ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడపడంతోనే సరిపోయింది. పైన అద్దాల గదిలో ఒక్కడే కూర్చోవడం, కింద ఉన్నవాళ్లు చేతులూపితే బరువు దించడం, మళ్లీ ఊపితే ఎత్తడం. మాట్లాడే పనిలేని ఉద్యోగం. అందుకేనేమో, మాట్లాడవలసి వచ్చినప్పుడు కూడా అతనికి హెచ్చరికలు తప్ప మరో మాట తట్టేది కాదు.

ఊరి బయట ఉప్పునేలలో పెరిగే ఉప్పుపొదల మధ్య ఎర్రమట్టి చదును చేసి, గుట్టలు పోసి, పాత నీటి గొట్టాలు అంచులుగా పరిచిన రిమోట్ ట్రక్కుల క్లబ్‌వాళ్ల ట్రాక్ ఒకటుంది. చంకలో పట్టేంత ట్రక్కులు, లోపల కరెంటు మోటారు, చేతిలో రిమోటు. ముసలాళ్లకు బొమ్మలేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆ బొమ్మ గుట్ట మీద నుంచి గాల్లోకి లేచి, నాలుగు చక్రాల మీదా చక్కగా దిగినప్పుడు నవ్వినవాడే ముందుగా ఈల వేసేవాడు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. నీ పందెం ముగిశాక నువ్వు చక్కా పోయి నీడలో కూర్చోవడానికి వీల్లేదు. తర్వాతి పందెంలో ఏదో ఒక మలుపు దగ్గర నిలబడాలి. అక్కడ ఎవరి ట్రక్కు తిరగబడినా పరుగెత్తి వెళ్లి దాన్ని లేపి చక్రాల మీద నిలబెట్టాలి. నీ ట్రక్కును ఇంతసేపూ వేరేవాళ్లు లేపారు కదా, ఇప్పుడు నీ వంతు. ఈ ఒక్క పద్ధతి తప్పినవాణ్ణి మాత్రం క్లబ్‌లో ఎవరూ క్షమించేవాళ్లు కాదు.

బ్యాటరీల సంగతికొస్తే క్లెమ్ మాటే చట్టం. కొత్తగా చేరినవాడు కొన్న బ్యాటరీని ట్రక్కులో పెట్టేముందు అతనికి చూపించవలసిందే. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచేవాడు. స్టిక్కరు మీద ఎంతెంత అంకెలు కొట్టారన్నది అతనికి పట్టేది కాదు. ఒకే సామర్థ్యమని రాసుకున్న రెండింటిలో తేలికదాన్ని వెంటనే తిరిగిచ్చి రమ్మనేవాడు. దొర్లే ట్రక్కుకు గట్టి ప్లాస్టిక్ పెట్టె ఉన్నదే తీసుకోమనేవాడు, మెత్తటి తొడుగుది పెడితే రాయి గుచ్చుకుని నిప్పంటుకుంటుందనేవాడు. మోటారు అడిగినంత ఇచ్చేది చాలు, అంతకు మించింది పెట్టి గేర్లు నమిలించుకోవడం కుర్రచేష్ట అనేవాడు. కొన్నాక అసలు పాఠం మొదలు. లిథియం బ్యాటరీకి ఆకలీ పనికిరాదు, అజీర్ణమూ పనికిరాదు. పూర్తిగా పీల్చేస్తే చస్తుంది. నిండా నింపి వాడకుండా ఉంచితే లోపల గాలి పుట్టి ఉబ్బుతుంది. నడిపే రోజున నింపు, నడుపు, ఇంటికెళ్లాక సగానికి తెచ్చి పడుకోబెట్టు. నింపుతున్నంతసేపూ పక్కనుంచి లేవకు. ఇదీ పాఠం.

ఒకసారి ఒకాయన నిండు బ్యాటరీని కారులో వదిలేసి సెలవులకు పోయి వచ్చాడు. క్లెమ్ దాన్ని అందరి ముందూ బల్ల మీద పెట్టి వేలితో తోశాడు. మంచి బ్యాటరీ బల్లకు అతుక్కుని కదలదు. ఉబ్బినదానికి అడుగు గుండ్రమై ఉంటుంది కాబట్టి బొంగరంలా తిరుగుతుంది. అది అలాగే తిరిగింది. క్లెమ్ అది ఆగినప్పుడల్లా మళ్లీ తిప్పుతూనే ఉన్నాడు. ఆ పెద్దమనిషి ముఖం ఎర్రబడిపోయింది. తర్వాతి నెల నుంచి అతను రాలేదు. క్లెమ్‌కి అదేమీ తప్పనిపించలేదు.

కర్మాగారంలో మనుషులను తగ్గించిన కొద్దీ క్లబ్‌లోనూ తగ్గారు. కొందరు అడిలైడ్ పోయారు, కొందరు గనులకు పోయారు, కొందరికి విసుగొచ్చింది. చివరికి ఇద్దరు మిగిలారు. క్లెమ్, రోలీ హార్టిగన్.

రోలీ ఊళ్లో బస్సు నడిపినవాడు. ఎక్కినవాడితోనూ దిగినవాడితోనూ కబుర్లు చెప్పి చెప్పి నోటికి తీరిక తెలియనివాడు. మాంసం కూరిన రొట్టె తింటూ గ్రేవీ చేతులతోనే రిమోటు పట్టుకునేవాడు. ట్రక్కు ఆపాక బ్యాటరీ తీగ ఊడదీయాలన్న సంగతి అతనికి ఏ జన్మలోనూ గుర్తుండేది కాదు. స్విచ్ ఆపినా తీగ ఉంటే బొట్టుబొట్టుగా కారిపోతూనే ఉంటుందిరా అని క్లెమ్ మొత్తుకున్నా, మరుసటి శనివారం రోలీ ట్రక్కులో బ్యాటరీ చచ్చి పడి ఉండేది. అలా రెండు మూడు తగలేశాక క్లెమ్ విసిగిపోయి అతని బ్యాటరీలు లాక్కుని తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. నింపేదీ అతనే, సగానికి దించేదీ అతనే. తెల్ల రంగుతో వాటి మీద ఆర్ అని రాసి, సైన్యంవాళ్ల పాత ఇనప డబ్బాలో, పొగ పోయేలా మూత రబ్బరు పీకేసి, తనవాటి పక్కనే పెట్టేవాడు. రోలీ ఒళ్లు అలవకుండా శనివారం చేతులూపుకుంటూ వచ్చేవాడు.

ఇద్దరైతే పందెం ఏముంటుంది? ఒకడు ఇనప మెట్ల మీది అరుగెక్కి నడిపేవాడు, ఇంకొకడు దూరపు మలుపు దగ్గర నిలబడేవాడు. బ్యాటరీ అయిపోగానే చోట్లు మార్చుకునేవాళ్లు. క్లెమ్ ట్రక్కు తిరగబడినప్పుడల్లా రోలీ దాన్ని వెంటనే లేపేవాడు కాదు. వెనక బంపరును తోకలా పట్టుకుని పైకెత్తి చచ్చిన ఎలుకను చూపించినట్టు చూపించి, అప్పుడు కింద పెట్టేవాడు. క్లెమ్ పైనుంచి తిట్టేవాడు. వారంలో అతను గట్టిగా గొంతెత్తేది ఆ ఒక్కపూటే.

చలికాలం మొదట్లో రోలీ ఒక శనివారం రాలేదు. మోకాలు నొప్పన్నాడు. తర్వాత మనవరాలి పుట్టినరోజన్నాడు. ఆ తర్వాత పైకప్పు తూముల్లో ఆకులు పేరుకున్నాయన్నాడు. క్లెమ్ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనం కాగానే ఫోను చేసి, రేపు వస్తున్నావా అని అడిగేవాడు. రోలీ ప్రతిసారీ తప్పకుండా వస్తానురా అనేవాడు. ఆ మాట పట్టుకుని క్లెమ్ సాయంత్రం చార్జరు ముందు కుర్చీ వేసుకునేవాడు. ముందు రోలీవి రెండూ, తర్వాత తనవి రెండూ నింపేవాడు.

శనివారం పొద్దున ట్రాక్ మీద ఇనప మెట్లెక్కి అరుగు మీద నిలబడేవాడు. రోడ్డు వైపు నుంచి దుమ్ము లేస్తుందేమోనని చూసేవాడు. లేచేది కాదు. లేచినా అది చెత్త పారబోయడానికి పోయే లారీదై ఉండేది. ఇక తన ట్రక్కు దించి నడిపేవాడు. అది దూరపు మలుపులో తిరగబడేది. క్లెమ్ రిమోటు కింద పెట్టి, మెట్లు దిగి, ట్రాక్ పొడవునా నడిచి వెళ్లి, దాన్ని లేపి, మళ్లీ నడిచి వచ్చి, మెట్లెక్కేవాడు. నడక పొడవునా చక్రాలు గాల్లో కదలకుండా అతని వైపే చూస్తున్నట్టుండేవి. మొదట్లో తనకు తనే నవ్వుకున్నాడు. రాను రాను నవ్వు రాలేదు. తిరగబడకుండా ఉండాలని మలుపుల్లో నెమ్మదించాడు. తర్వాత గుట్టల మీద నుంచి దూకించడం మానేశాడు. చివరికి ఏదో పాల బండి తోలుతున్నట్టు తోలి, బ్యాటరీ అయిపోగానే బతుకుజీవుడా అని ఇంటికి వచ్చేవాడు.

ఇంటికొచ్చాక తన బ్యాటరీలను పద్ధతి ప్రకారం సగంలో ఉంచేవాడు. రోలీవి మాత్రం నిండుగా ఉండేవి, వాడలేదు కదా. వాటిని ఆ సాయంత్రమే దించాలి. ఆ పాఠం చెప్పినవాడే అతను. కానీ ఆదివారం వస్తాడేమో అనిపించేది. ఆదివారం రాకపోతే, మధ్యలో ఏ బుధవారమో తీరిక దొరికి ఫోను చేస్తాడేమో, నింపినవి సిద్ధంగా లేకపోతే ఎలా అనిపించేది. ఇంతలో శుక్రవారం వచ్చేది, రోలీ తప్పకుండా అనేవాడు, ఇక దించడమెందుకు అనిపించేది. అసలు సంగతి క్లెమ్‌కి తెలియక కాదు. ఆ రెండు బ్యాటరీలనూ సగానికి దించడమంటే రోలీ ఇక రాడని ఒప్పుకోవడమే. అది అతని వల్ల కాలేదు. రోలీ తప్ప అతనికి ఈ ఊళ్లో మరో మనిషి లేడు.

అక్కడ వేసవి వచ్చే నవంబరులో ఎండ ముదిరింది. ఒక గురువారం క్లెమ్ డబ్బా తెరిచి ఆర్ అని రాసి ఉన్న బ్యాటరీల్లో ఒకటి తీస్తే, ప్లాస్టిక్ పెట్టె అతుకు దగ్గర సన్నగా విచ్చుకుని కనిపించింది. వంటింటి గట్టు శుభ్రంగా తుడిచాడు. దాన్ని పెట్టి వేలితో తోశాడు. గిర్రున తిరిగింది.

క్లెమ్ దాన్ని ఆపలేదు. దానంతట అదే ఆగేదాకా చూశాడు. ఆనాడు ఆ పెద్దమనిషి ముఖం ఎర్రబడటం గుర్తొచ్చి, తన ముఖమూ అలాగే ఉండి ఉంటుందనుకున్నాడు. చూసేవాళ్లు లేరు. ఎవరైనా ఉండి రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండుననిపించింది. రోలీ ఉంటే ఏడాది పొడవునా ఏడిపించేవాడు. దాన్ని పెరట్లోకి తీసుకుపోయి ఇసుక బాల్చీలో పెట్టి, ఇంటికి దూరంగా కంచె పక్కన ఉంచాడు. రెండోదాన్నీ తోసి చూశాడు, అది కదల్లేదు.

కొత్తది కొనివ్వాలి. అదే పరిమాణం, అదే గట్టి పెట్టె, రోలీ ట్రక్కు గూట్లో ఇటూ అటూ ఆడకుండా సరిగ్గా కూర్చునేది. అడిలైడ్‌లోని దుకాణానికి ఫోను చేసి బ్యాటరీ బరువెంతో చెప్పమన్నాడు. దుకాణదారు త్రాసు వెతికి తూచి చెప్పి, ఈ రోజుల్లో బరువు అడిగేది మీరొక్కరే సార్ అన్నాడు. క్లెమ్ అది చాలదని, ఇంకో కంపెనీది తూయించాడు. అదీ చాలదన్నాడు. మూడోది బాగుంది. ఎక్కడికి పంపాలని అడిగితే చెప్పాడు. వయల్లాలో ఇంకా క్లబ్ ఉందా అని దుకాణదారు ఆశ్చర్యపోయాడు.

“ఉంది” అన్నాడు క్లెమ్.

కొత్త బ్యాటరీ మరుసటి వారం వచ్చింది. దాని మీద తెల్ల రంగుతో ఆర్ అని రాసి ఆరబెట్టాడు. కొత్తదాన్ని తొందరపెట్టకూడదు కాబట్టి చార్జరులో కరెంటు తగ్గించి పెట్టి, శుక్రవారం సాయంత్రమంతా పక్కనే కూర్చుని నింపాడు. అంతకు ముందు ఫోనులో రోలీ ఎప్పటిలాగే తప్పకుండా అన్నాడు. ఉబ్బిన సంగతి క్లెమ్ ఫోనులో చెప్పలేకపోయాడు. నీ వస్తువు నా చేతిలో పాడైందని ముఖం చూసి చెప్పాలి, కొత్తది చేతిలో పెట్టాలి, అటునుంచి అటే ట్రాక్‌కి లాక్కుపోవాలి అనుకున్నాడు. ఆ ఏర్పాటు చేసుకున్నాక చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు కూడా.

శనివారం పొద్దున తన బండి వెనక ట్రక్కు, బ్యాటరీ డబ్బా పెట్టుకుని రోలీ ఇంటి ముందు ఆగాడు. రోలీ భార్య గ్లెనిస్ ముందు తోటలో గొట్టంతో గులాబీలకు నీళ్లు పోస్తోంది. క్లెమ్‌ని చూసి సంతోషించింది. ఎన్నాళ్లయిందో చూసి, చిక్కిపోయావు, టీ తాగుతావా అంది. క్లెమ్ టీ వద్దని, రోలీని పిలవమన్నాడు.

“రోలీనా? ఇంకెక్కడుంటాడు, బౌల్స్‌కి వెళ్లాడు. శనివారం కదా.”

“బౌల్స్‌కా?”

“మరి? చలికాలం నుంచీ అదే లోకం. పోయిన నెల వాళ్ల జట్టుకు కప్పు కూడా...” అని గ్లెనిస్ ఆగిపోయింది. నీళ్లు ఒకే మొక్క మొదట్లో మడుగు కడుతున్నాయి. “నీకు చెప్పలేదా? చెప్పేశానన్నాడే నాతో.”

రోలీ చెప్పాడనే అన్నాడు క్లెమ్. తనే మరిచిపోయానన్నాడు. ఆ అబద్ధం ఆమె నమ్మలేదని ఆమె కుళాయి కట్టేసిన తీరులోనే తెలిసింది. టీ తాగి వెళ్లమని మళ్లీ అడిగింది. అప్పటికే అతను బండెక్కాడు.

బౌల్స్ మైదానం ఊరి మధ్యలోనే ఉంది. దువ్వినట్టున్న పచ్చగడ్డి, తెల్లబట్టల ముసలాళ్లు, ముసలమ్మలు. నల్లటి బరువైన బంతిని నేల మీద దొర్లించి, ఆ చివర ఉన్న చిన్న తెల్లబంతి దగ్గరగా పోనివ్వాలి. అంతే ఆట. దొర్లించినవాళ్ల కంటే చూసేవాళ్ల గోల ఎక్కువ. అందరి గోలలోకీ రోలీ నవ్వే పైకి వినిపిస్తోంది. క్లెమ్ కంచె బయట ఆగిపోయాడు. మోకాలు నొప్పి ఎక్కడా కనబడలేదు, రోలీ హాయిగా ఒంగి బంతి వదులుతున్నాడు.

నవ్వు వినడం కంటే ఎక్కువగా నొప్పించింది మరొకటి. తన వంతు అయ్యాక రోలీ బెంచీ మీద కూర్చుని, ఒడిలో మెత్తటి గుడ్డ పరుచుకుని, బంతిని అన్ని వైపులా తుడిచాడు. గడ్డి పరక అంటుకుని ఉంటే గోటితో తీశాడు. వెలుతురుకు ఎత్తి చూసుకుని, సంచిలో దాని అరలో దాన్ని పెట్టి, జిప్పు మూశాడు. గ్రేవీ చేతులతో రిమోటు పట్టుకున్న మనిషి, తీగ ఊడదీయడం చేతకాని మనిషి. ఇతనికి జాగ్రత్త తెలియక కాదన్నమాట అనుకున్నాడు క్లెమ్.

రోలీ తలెత్తి చూశాడు. ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. పక్కవాళ్లకు ఏదో చెప్పి, కంచె దాటి వచ్చాడు. తెల్లబట్టల్లో అతను ఆసుపత్రివాడిలా ఉన్నాడు.

“గ్లెనిస్ చెప్పిందా?”

నీ బ్యాటరీ ఒకటి ఉబ్బిపోయింది, తప్పు నాదే, కొత్తది తెచ్చాను అన్నాడు క్లెమ్. చేతిలోది ముందుకు చాచాడు. రోలీ దాన్ని తీసుకోలేదు. తెల్ల రంగుతో రాసిన ఆర్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

“నీ దగ్గర ఉబ్బడమేంట్రా? నీ దగ్గరా?”

“నిండా నింపి ఉంచేశాను.”

“ఎందుకు?”

“వస్తానన్నావు కదా.”

 వెనక మైదానంలో ఎవరో చప్పట్లు కొట్టారు. రోలీ కంచె మీద చేయి వేసుకుని, నెమ్మదిగా మొదలుపెట్టాడు. ప్రతి శుక్రవారం ఈసారి చెప్పేద్దామనే ఫోనెత్తేవాణ్ణి అన్నాడు. నీ గొంతు వినగానే తప్పకుండా అని వచ్చేసేది అన్నాడు. ఆ తర్వాత ఆగాడు. ఆగినవాడు ఆగినట్టే ఉంటే బాగుండేది. కానీ నిజం ఒకసారి మొదలయ్యాక రోలీ లాంటివాడికి మధ్యలో నిలపడం రాదు.

“నాకు ట్రక్కుల మీద ఎప్పుడూ అంత పిచ్చి లేదు క్లెమ్. రెయిలీన్ వెళ్లిపోయిన కొత్తలో, పందేలు లేని రోజున కూడా నువ్వు ఆ ట్రాక్ మీద ఒక్కడివే తిరుగుతున్నావని గ్లెనిస్ చూసి వచ్చింది. వెళ్లి కాసేపు తోడుండమని పంపింది. ఒక్క శనివారానికని వచ్చాను. నవ్వుకున్నాం, బాగుంది. మళ్లీ వచ్చాను. ఇక మానేద్దామంటే, నీకు ఇంకెవరున్నారు?”

క్లెమ్ బ్యాటరీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. బరువు బాగుంది, మంచి బ్యాటరీ. ఇన్నేళ్ల శనివారాలు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. రోలీ తోక పట్టుకుని ట్రక్కును ఊపడం, తను పైనుంచి తిట్టడం. అవన్నీ తన మీద జాలితో జరిగాయా అనుకున్నాడు. రోలీ నవ్విన నవ్వు నిజమే. అదీ అతనికి తెలుసు. రెండూ నిజం కావడమే భరించలేకుండా ఉంది.

రోలీ అతని మోచేయి పట్టుకున్నాడు. నాలుగో జట్టులో ఒక మనిషి తక్కువగా ఉన్నాడు, వచ్చే శనివారం నువ్వు రా, బంతులు నేనిస్తాను, నేర్పుతాను అన్నాడు. ఇక్కడివాళ్లు మంచివాళ్లు, పన్నెండింటికి అందరం కలిసే తింటాం అన్నాడు. ఆ పిలుపులో మోసమేమీ లేదు. కానీ నేర్పుతానంటున్నవాడి కళ్లలో, ఒకనాడు గ్లెనిస్ పంపగా వచ్చినవాడే ఉన్నాడు.

“తప్పకుండా వస్తా” అన్నాడు క్లెమ్.

ఆ మాటకు అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. రోలీ తల దించుకున్నాడు.

అప్పుడు క్లెమ్ ఒక్కటే అడిగాడు. గొంతు ఎప్పటిలాగే, హెచ్చరిక చేస్తున్నట్టే ఉంది. “నీవి రెండూ ఇప్పుడు నిండుగా ఉన్నాయి. ఇలాగే ఉంటే ఇవీ పాడవుతాయి. ఉంచమంటావా, సగానికి దించమంటావా? మొహమాటం వద్దు. నువ్వేం చెబితే అదే చేస్తాను.”

రోలీ మైదానం వైపు చూశాడు. అక్కడినుంచి ఎవరో నీ వంతొచ్చిందని పిలిచారు. ఒక్క నిమిషం అన్నట్టు చేయెత్తాడు. వేళ్లతో కంచె తీగను తడుముతూ, ఇంకెవరికైనా ఇచ్చెయ్యరాదా అన్నాడు.

“ఇంకెవరున్నారు?” అన్నాడు క్లెమ్.

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగాడు. రోలీకి కళ్లు తడయ్యాయి. తుడుచుకోవడానికి బంతి తుడిచే గుడ్డే చేతిలో ఉంది.

“దించెయ్‌రా” అన్నాడు. “సగానికి దించెయ్.”

క్లెమ్ సరేనన్నాడు. చెప్పినందుకు మెచ్చుకోలుగా ఒకసారి తలూపాడు. కొన్ని నెలలుగా ఆ ఒక్క మాట కోసమే శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తున్నాడని అప్పుడే అతనికి అర్థమైంది. వస్తాననే మాట వినాలని చేస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ.

ఇంటికి పోయి చార్జరుకు తగిలిస్తే అది తీరుబడిగా, వేడెక్కుతూ, పొద్దుగూకేదాకా దించుతుంది. నిండు బ్యాటరీని త్వరగా సగానికి తెచ్చే మార్గం ఒక్కటే, నడపడం. అందుకని క్లెమ్ ట్రాక్‌కే పోయాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఉప్పుపొదల్లో గులాబీ రంగు గలా చిలుకలు గింజలేరుకుంటున్నాయి. రోడ్డు వైపు చూడబోయి మానుకున్నాడు. ఇక చూడనక్కర్లేదు.

రోలీ బ్యాటరీల్లో ఉబ్బని పాతదాన్ని తన ట్రక్కులో పెట్టి కొంతసేపు నడిపి, మీటరు పెట్టి చూసి, పక్కన పెట్టాడు. తర్వాత కొత్తది గూట్లో కూర్చోబెట్టాడు. అతికినట్టు కూర్చుంది. తీగ కలిపి, మెట్లెక్కి, మీట నొక్కాడు. ట్రక్కు ముందు కాళ్లు ఎత్తిన గుర్రంలా లేచి దూసుకుపోయింది. తను ఎన్నుకున్న బ్యాటరీ అంత బాగుంటుందని క్లెమే అనుకోలేదు. పాల బండి నడక ఎటుపోయిందో, చేతికి పాత వేగం వచ్చేసింది. గుట్ట మీద నుంచి దూకించాడు. చక్కగా దిగింది. మళ్లీ దూకించాడు. రెండో గుట్ట మీద ఇంకా ఎత్తుకు లేచి, గాల్లో ఒక్క క్షణం ఎర్రమట్టికీ ఆకాశానికీ మధ్య నిలబడి, దిగింది. అంత అందంగా అది ఏనాడూ ఎగరలేదు. అబ్బ అన్నాడు క్లెమ్ పైకే, పక్కకు తిరిగి. పక్కన ఎవరూ లేరు. అప్పుడు ఏడుపొచ్చింది. రెయిలీన్ వెళ్లిపోయినప్పుడు కూడా రాని ఏడుపు. మొహం తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, ట్రక్కు ఇంకా పరుగెడుతోంది. అలాగే నడిపాడు.

మలుపులు సగం చూపుతోనే తిప్పాడు. ఒక్కసారి కూడా తిరగబడలేదు. కొంతసేపటికి మీట నొక్కితే ట్రక్కు అందుకునే తీరును బట్టి అతనికి తెలిసిపోయింది, సగమైందని. అది మీటరు పెట్టనక్కర్లేకుండా తెలిసే చేయి. చూసేవాడికైతే ట్రక్కులో బలం ఏమీ తగ్గినట్టుండదు. ఇంకో అంత దూరం, అంత ఎత్తు, అంత వేగం దానిలో మిగిలే ఉంది. ఇంకొక్క చుట్టు తిప్పితే ఏమవుతుంది అనిపించింది.

దించమన్నది సగానికి. క్లెమ్ మీట మీద నుంచి వేలు తీసేశాడు. ట్రక్కు దూరపు మలుపు దగ్గర, రోలీ నిలబడే చోట, నాలుగు చక్రాల మీద నిలబడింది. మెట్లు దిగి అక్కడిదాకా నడిచి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, తీగ ఊడదీశాడు.